ఆన్‌రోడ్ ధరలో దేన్ని బేరమాడవచ్చు?

కొత్త కారు ఆన్‌రోడ్ ధరలో (పన్నులు, బీమా అన్నీ కలిపి కట్టే మొత్తంలో) లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ రుసుము వంటి ప్రభుత్వ చెల్లింపులు తప్ప మిగిలిన చాలా పద్దులను బేరమాడవచ్చు. పన్నులను డీలరు తగ్గించలేడు. కానీ ఎక్స్‌షోరూమ్ ధరలో (రిజిస్ట్రేషన్, బీమా కలపని కారు ధరలో) అతనికి కంపెనీ ఇచ్చే మార్జిన్, బీమాలో కమీషన్, యాక్సెసరీల్లో లాభం ఉంటాయి. హనుమకొండ షోరూమ్‌లో బీమాకు 42,000 రూపాయలు రాశారనీ, అదే కవరేజీ బయట 31,000కు దొరుకుతోందనీ అనుకుంటే, ఆ కొటేషన్ చూపి 11,000 తగ్గించమనవచ్చు, కాదంటే బయటే తీసుకోవచ్చు. బీమా షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. కారును షోరూమ్‌కు తెచ్చి సిద్ధం చేసినందుకంటూ డీలరు వేసే హ్యాండ్లింగ్ ఛార్జీలు కూడా చట్టం విధించినవి కావు. మొత్తం నగదు కడితే ఎక్కువ తగ్గిస్తారన్నది చాలామందికి ఉన్న అపోహ. రుణం ఇప్పించినందుకు డీలరుకు సాధారణంగా బ్యాంకు నుంచి కమీషన్ వస్తుంది కనుక, నగదు కొనుగోలుదారుపై అతనికి ప్రత్యేక మమకారమేమీ ఉండదు.