ముందే పాలు పోయకు, చిన్నీ

చిన్నీ,

ఇరవై రెండు డాలర్లు పోసి కొన్న ఇథియోపియా కాఫీ "నిమ్మకాయ పిండిన టీలా ఉంది పెదనాన్నా" అని నువ్వు ఫోన్‌లో అంటే నవ్వొచ్చింది. ఇథియోపియాలో దిల్లా అనే ఊళ్లో పాఠాలు చెప్పే రోజుల్లో, మొదటి సెలవులకి వస్తూ బజారులో రెండు కిలోల పచ్చి గింజలు కొని తెచ్చాను. ఇంట్లో లేతగా వేయించి, ఇత్తడి ఫిల్టర్‌లో డికాక్షన్ తీసి, చిక్కటి పాలు పోసి అందరికీ ఇచ్చాను. మీ పెద్దమ్మ ఒక్క గుక్క తాగి "చారులో పాలు పోశారా?" అంది.

పొట్లం మీద ఏం రాసుందో ముందు చదువు. సింగిల్ ఆరిజిన్ (ఒకే చోటి గింజలు) అంటే ఒకే రైతు తోట అనుకుంటారు చాలామంది. ఇథియోపియాలో కాఫీకి పేరుమోసిన యిర్గచెఫె ఊరున్న గెడియో ప్రాంతంలో చాలామందికి రెండెకరాలు కూడా ఉండదు. ఇంటి చుట్టూ పెద్ద చెట్ల నీడ, ఆ నీడలో అరటిలా కనిపించే ఎన్‌సెట్, దాని పక్కన కాఫీ మొక్కలు. ఎన్‌సెట్ పండు తినరు, దుంపనీ కాండాన్నీ పులియబెట్టి రొట్టె కాలుస్తారు. అంటే తిండీ, డబ్బూ ఒకే పెరట్లో. పండిన కాఫీ పళ్లు కోసి దగ్గర్లోని వాషింగ్ స్టేషన్‌కి మోసుకొస్తారు. వందల ఇళ్ల పళ్లు అక్కడ కలుస్తాయి. తొక్క ఒలిచి, ఒకటి రెండు రోజులు నానబెట్టి, జిగురు పోయేదాకా కడిగి, ఎత్తుగా కట్టిన మంచెల మీద ఆరబోస్తారు. ఆడవాళ్లు ఆ మంచెల చుట్టూ నిలబడి గింజలు తిప్పుతూ, చెడ్డవి ఏరేస్తూ ఉంటారు. మిట్టమధ్యాహ్నం ఎండకీ, రాత్రి మంచుకీ గుడ్డ కప్పాలి. రుచి సగం అక్కడే తేలిపోతుంది.

అందుకని దేశం పేరు చూసి మురిసిపోకు, స్టేషన్ పేరు ఉందా చూడు. 2008లో ఇథియోపియాలో సరుకుల ఎక్స్ఛేంజి (అందరి సరుకూ ఒకేచోట అమ్మే మార్కెట్) వచ్చాక కొన్నేళ్లపాటు, సహకార సంఘాలవి తప్ప, చాలా గింజలు ప్రాంతం, గ్రేడు పేరు మీదే కలిసిపోయి అమ్ముడయ్యేవి. 2017లో రూల్స్ మారాక స్టేషన్ల పేర్లు మళ్లీ కనిపిస్తున్నాయి. కెన్యా పొట్లం మీద ఏఏ అని ఉంటే అది గింజ సైజు మాత్రమే, రుచికి మార్కులు కావు.

వాష్డ్ అని ఉంటే, అంటే ఇందాక చెప్పినట్టు తొక్క ఒలిచి కడిగినదైతే, నిమ్మ, మల్లెపూల వాసన వస్తుంది. న్యాచురల్ అంటే పండుని తొక్కతోనే ఎండబెట్టినది, తియ్యగా, కాస్త పులిసిన పండులా ఉంటుంది. నీకు పులుపు పడదు కాబట్టి ఈసారి న్యాచురల్ కొను. వేయించిన తేదీ లేని పొట్లం జోలికి పోకు. వేయించాక ఓ వారం ఆగి మొదలుపెట్టి, నెలన్నరలో అవగొట్టు.

ఇక కాచడం. పదిహేను గ్రాముల గింజలు అప్పటికప్పుడు ఉప్మా రవ్వంత మరపట్టు. పేపర్ ఫిల్టర్‌లో వేసి, మరిగి దించిన నీళ్లు ముందు కొంచెం పోసి అర నిమిషం ఆగు. తర్వాత మెల్లిగా మొత్తం 240 మిల్లీలీటర్ల దాకా పొయ్యి. మూడు నిమిషాల్లో దిగిపోవాలి. పుల్లగా, పల్చగా ఉంటే ఇంకాస్త సన్నగా పట్టు, చేదెక్కితే బరకగా. పొగలు కక్కుతుండగా తాగకు. గోరువెచ్చనయ్యాకే దాని తీపి తెలుస్తుంది. పాలు, చక్కెర లేకుండా నాలుగు రోజులు ఓపిక పట్టు. ఫిల్టర్ కాఫీ మీదకి మనసు లాగితే అది వేరే డబ్బా, వేరే పూట. రెంటినీ కలిపావంటే నా చారే వస్తుంది.

అన్నట్టు, ఎగుమతికి పనికొచ్చే కాఫీని దేశం లోపల అమ్మకూడదని అప్పట్లో అక్కడ రూలు ఉండేది. నేను తెచ్చిన రెండు కిలోలూ ఎగుమతికి పనికిరావని ఏరి పక్కన పెట్టినవేనని తర్వాతెప్పుడో తెలిసింది. యిర్గచెఫెకి బస్సులో గంట దూరాన ఆరేళ్లున్న నాకు దొరకని గింజలు డల్లాస్‌లో నీ షెల్ఫ్ మీద ఉన్నాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఓ పొట్లం పట్టుకురా. మీ పెద్దమ్మకి చెప్పకు, నేనే కాచి ఇస్తాను.

పెదనాన్న