రాడ్డు వేసి ఐదు నెలలైంది.. ఎముక అతకలేదు, ఆయన నమ్మకం సడలిపోతోంది!

ప్రశ్న: డాక్టర్‌ గారూ! మా వారికి 45 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్‌ కొట్టులో గుమాస్తా. ఐదు నెలల కిందట మంగళగిరి దగ్గర బైక్‌ ప్రమాదంలో కుడి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. ఆపరేషన్‌ చేసి రాడ్డు, స్క్రూలు వేశారు. పుండు మానింది. మొన్న ఎక్స్‌రే చూసి ‘ఒకవైపు అతుకుతోంది, ఇంకా టైమ్‌ పడుతుంది, వాకర్‌తో సగం బరువే వెయ్యండి’ అన్నారు. కాలు బాగైతే భవానీ దీక్ష తీసుకుని ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతానని మొక్కుకున్నారు. మంగళ, శుక్రవారాలు ఉపవాసం ఉంటున్నారు. ఈ ఎక్స్‌రే తర్వాత ‘అమ్మ నా మొర వినలేదు’ అని దిగాలుపడి కసరత్తులు మానేశారు. షుగర్‌ ఉంది. సిగరెట్లు పూర్తిగా మానలేదు. చుట్టాలు పుత్తూరు కట్టు కట్టించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మంచి మాట ఒకటుంది. ‘ఒకవైపు అతుకుతోంది’ అన్నారు చూశారా, అదే. మీ వారు ‘ఇంకా పూర్తి కాలేదు’ అన్నది విని, దాన్ని వదిలేసినట్టున్నారు.

మోకాలి కింద పెద్ద ఎముకకు ముందువైపు కండ ఉండదు, చర్మమే ఉంటుంది. అందుకే దానికి అందే రక్తం తక్కువ. పైగా ఎముక బయటికి వచ్చిందంటే దాన్ని అంటిపెట్టుకుని ఉండే పలుచని పొర చిరుగుతుంది. అతుక్కి తొలి ఆధారమయ్యే గడ్డకట్టిన రక్తం కూడా గాయం కడిగేటప్పుడు పోతుంది. చర్మం చిట్లకుండా విరిగిన ఎముకకే నాలుగైదు నెలలు పడుతుంది. ఇలాంటి దెబ్బకు ఆరు నుంచి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా పడుతుంది. తొమ్మిది నెలలు నిండి, అందులో చివరి మూడు నెలల్లో ఎక్స్‌రేలో ఏ మెరుగూ కనిపించకపోతే అప్పుడు ‘అతకలేదు’ అంటాం. ఐదో నెలలో ఆ మాట అనడానికి లేదు.

ఈసారి డాక్టర్‌ దగ్గరికి వెళ్లినప్పుడు కొత్త ఎక్స్‌రే ఒక్కటే కాకుండా పాతవి కూడా పట్టుకెళ్లండి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీస్తారు కాబట్టి ఎముక అంచులు నాలుగు కనిపిస్తాయి. నాలుగింట్లో మూడు అంచుల మీదుగా కొత్త ఎముక వంతెన కట్టినట్టు కనిపిస్తే అతికినట్టు లెక్క. ‘పోయినసారి ఎన్ని అంచులు, ఈసారి ఎన్ని?’ అని అడగండి. పక్కనుండే సన్న ఎముక ముందే అతుకుతుంది. దాన్ని చూసి తొందరపడొద్దు.

ఇక మొక్కు సంగతి. అమ్మవారి మీద ఆయన నమ్మకాన్ని తగ్గించమని నేను చెప్పను. మంచంపట్టిన మనిషికి అది పెద్ద ఆసరా. కానీ ఆయన మొక్కులో, పైకి చెప్పకపోయినా, ఒక తేదీ ఉండిపోయింది. ఈ ఏడాది దీక్షల నాటికి కాలు బాగైపోవాలని మనసులో పెట్టుకున్నారు. ఎముకకు ఆ తేదీ తెలియదు కదా! అది దాటిపోతుందని తెలిసేసరికి దేవుడి మీద అలక వచ్చింది. ఆ అలకలో కసరత్తు ఆగిపోయింది. అసలు నష్టం అక్కడ జరుగుతోంది. మొక్కు అలాగే ఉంచి తేదీ తీసేయమనండి. ‘కర్ర సాయం లేకుండా పూర్తి బరువు వేసి నడిచి, డాక్టర్‌ సరేనన్నాక మెట్లెక్కుతాను’ అనుకుంటే మొక్కుకు లోటేమీ రాదు.

ఈ ఏడాది మాత్రం దీక్ష వద్దు. 41 రోజులు చెప్పుల్లేకుండా నడవడం, నేల మీద పడుకోవడం, ఒంటిపూట భోజనం.. మామూలప్పుడు తట్టుకోగలరు, ఇప్పుడు కాదు. షుగర్‌ ఉన్నవారికి అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉండొచ్చు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఇంట్లో మరొకరు ఆయన తరఫున దీక్ష తీసుకుంటానంటే మంచిదే. దర్శనం చేసుకోవాలని ఉంటే రద్దీ లేని రోజు చూసి ఘాట్‌ రోడ్డు మీదుగా వాహనంలో తీసుకెళ్లండి. శుక్ర, ఆదివారాలు, దసరా రోజులు వద్దు. క్యూలో ఒక్క తోపులాట చాలు, స్క్రూ విరగడానికి.

ఉపవాసాలు వెంటనే ఆపించండి. వారంలో రెండు రోజులు తిండి మానేస్తే ఎముక కట్టుకోవడానికి సరుకెక్కడిది? షుగర్‌ మాత్రలు వేసుకుని పస్తులుంటే షుగర్‌ పడిపోయి కళ్లు తిరుగుతాయి, వాకర్‌తో సహా కిందపడతారు. ఆయన 70 కిలోలుంటే రోజుకు 85 నుంచి 100 గ్రాముల ప్రొటీన్‌ కావాలి. రెండు గుడ్లలో 12, అర లీటరు పాలు లేదా పెరుగులో 16, రెండు గిన్నెల గట్టి పప్పులో 14, గుప్పెడు వేరుశనగల్లో 7 గ్రాములు వస్తాయి. మంగళ, శుక్రవారాల్లో గుడ్డు, మాంసం ముట్టనంటే 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌ కూర వండండి, అందులోనే పాతిక గ్రాములుంటుంది. తక్కిన రోజుల్లో ఒక పూట చేపో చికెనో పెట్టండి. కిడ్నీలో తేడా ఉంటే మాత్రం ఈ లెక్క మీ డాక్టర్‌ను అడిగే పాటించాలి. క్యాల్షియం రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. అర లీటరు పాలతో సుమారు 600, వంద గ్రాముల రాగిపిండితో 350 దాకా వస్తుంది. రాగిజావలో బెల్లం వద్దు, మజ్జిగ కలపండి.

విటమిన్‌–డి రక్తపరీక్ష చేయించండి. 20 నానోగ్రాముల కంటే తక్కువుంటే సాధారణంగా వారానికొకటి చొప్పున 60,000 యూనిట్లది రాస్తారు. వారానికి వేసుకోవాల్సింది రోజూ వేసుకుని ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు. చీటీ మరోసారి చదివించుకోండి. మూడు నెలల సగటు షుగర్‌ (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 7 శాతం దరిదాపుల్లో ఉండాలి.

సిగరెట్‌ గురించి మొహమాటం లేకుండా చెబుతాను. నికోటిన్‌ సన్న రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. అసలే రక్తం తక్కువ అందే ఎముకకు ఆ కాస్తా అందదు. రోజుకు రెండే అన్నా అంతే. బీడీ, ఖైనీ, గుట్కా కూడా అంతే. ఇది ఒక్కటి మానితే అమ్మవారికి ఇంతకు మించిన నియమం ఏముంటుంది?

కసరత్తుకు ఆయన భక్తినే వాడుకోండి. చేతికి జపమాల ఇవ్వండి. ఒక్కో నామానికి పాదాన్ని పైకి గుంజి రెండు అంకెలు ఆపి, కిందికి వదలాలి. మాల తిరిగేసరికి 108 సార్లు. ఇలా రోజుకు మూడు మాలలు. పిక్కలో రక్తం గడ్డకట్టకుండా, పాదం కిందికి వాలి బిగుసుకుపోకుండా ఉంటుంది. తర్వాత మంచం మీద కాలు చాపి, పాదం ముందు భాగానికి తువ్వాలు తగిలించి తనవైపు లాక్కుని 30 సెకన్లు ఆపాలి. మూడుసార్లు చాలు. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, తొడ కండ బిగించి దాన్ని అదమాలి. ఐదు సెకన్లు ఆపుతూ పదిసార్లు. లలితా సహస్రనామం అరగంట వస్తుంది కదా, అది వింటూ కాలును రెండు దిండ్ల మీద గుండె కంటే ఎత్తులో ఉంచమనండి. దిండ్లు పిక్క, మడమల కింద ఉండాలి. మోకాలి కింద మాత్రమే పెడితే మోకాలు వంగి బిగుసుకుంటుంది. సాయంత్రానికి వాపు రావడం ఏడాది దాకా మామూలే. రాడ్డు వేసిన మోకాలి ముందు నొప్పి కూడా చాలామందిలో ఉంటుంది.

‘సగం బరువు’ అంటే ఎంతో ఆయనకు తెలియకపోవచ్చు. బరువు చూసే మిషన్‌ తెచ్చి దెబ్బ కాలు దాని మీద, మంచి కాలు అంతే ఎత్తున్న పలక మీద పెట్టి, వాకర్‌ పట్టుకుని ఆయన బరువులో సగం (70 కిలోలుంటే 35) చూపేదాకా అదమమనండి. నాలుగైదు రోజులు చేస్తే కాలికి ఆ లెక్క అలవాటవుతుంది. భయపడి అసలు బరువు వేయకుండా గెంతితే కొత్త ఎముక గట్టిపడదు. విసుగొచ్చి వాకర్‌ పక్కనపెడితే స్క్రూ విరుగుతుంది. రెండూ తప్పే. గడప, మెట్టు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు దెబ్బ కాలు.

పుత్తూరు కట్టు వద్దమ్మా. విరిగిన ముక్కలను లోపల రాడ్డు పట్టుకునే ఉంది. పైనుంచి బిగించి కట్టినందువల్ల కలిసొచ్చేదేమీ లేదు. మానిన పుండు మీద, షుగర్‌ ఉన్న చర్మం మీద బిగుతు కట్టు పడితే రక్తం ఆగి చర్మం నల్లబడుతుంది. నూనె మర్దన కూడా ఆ చోట చేయించొద్దు. నొప్పికి సొంతంగా డైక్లోఫెనాక్‌ రోజూ వేసుకుంటుంటే మాన్పించండి. అది కిడ్నీకీ, ఎముక అతకడానికీ మంచిది కాదు. ఆయనకు ఏ మాత్ర సరిపోతుందో డాక్టర్‌నే రాయమనండి.

ఆరు వారాలకోసారి ఎక్స్‌రే తీయించండి. మెరుగు లేకపోతే దారులున్నాయి. ఒక చివర స్క్రూ తీసి ఎముక అంచులు దగ్గరయ్యేలా చేస్తారు, లావు రాడ్డుకు మారుస్తారు, లేదా తుంటి ఎముక నుంచి కొంత తీసి పెడతారు. అంతకుముందు లోపల చీము లేదని ఈఎస్‌ఆర్‌, సీఆర్‌పీ పరీక్షలతో చూస్తారు. రెండో అభిప్రాయం కావాలంటే కాగితాలన్నీ తీసుకుని గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి (జీజీహెచ్‌) ఎముకల విభాగం ఓపీలో చూపించండి.

ఆయన ‘అమ్మ వినలేదు’ అన్నప్పుడు వాదించొద్దు, ‘వచ్చే నెలకి పరిగెత్తుతావు’ అని ఊరించొద్దు. పక్కన కూర్చుని మాల చేతికివ్వండి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకుండా, మాట్లాడకుండా ఉంటే అది నమ్మకం తగ్గడం కాదు, డిప్రెషన్‌ కావొచ్చు. మానసిక వైద్యుడికి చూపించండి. టెలీ మానస్‌ 14416కు ఫోన్‌ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

మచ్చ దగ్గర చీము, జ్వరం, కాలు ఉన్నట్టుండి వంకరపోవడం, ‘టక్‌’మని శబ్దమై నొప్పి పెరగడం.. ఏది కనిపించినా ఆరు వారాల దాకా ఆగకుండా అదే రోజు వెళ్లండి. పిక్క గట్టిపడి నొప్పితో వాచినా అంతే. దానికి తోడు ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్‌ చేయండి.