రెసిడ్యువల్ దిగనంత మాత్రాన రన్ ఆపకూడదా?

ప్రశ్న: వాల్వు గుండా నీటి ప్రవాహం మీద సిమ్యులేషన్ చేస్తున్నాను. ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిర ప్రవాహానికి వాడే సింపుల్‌ఫోమ్ సాల్వర్ (సమీకరణాలను సాధించే ప్రోగ్రాము). రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడాలు) 10⁻⁶కు దిగాలని మా గైడ్ అన్నారు. నాలుగు రోజులుగా నడుస్తోంది. పీడనం రెసిడ్యువల్ మాత్రం 10⁻⁴ దగ్గరే పైకీ కిందికీ ఊగుతోంది. ఇప్పుడు ఆపేస్తే తప్పా?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: మీ ఉత్తరంలో రెసిడ్యువల్ గురించి ఉంది కానీ, ఆ వాల్వు నుంచి మీకు కావలసిన అంకె ఏదో లేదు. పీడన నష్టం అనుకుంటాను. అయితే ప్రతి ఇటరేషన్‌కూ (సాల్వర్ జవాబును సవరించే ఒక్కో చుట్టుకూ) దాన్ని ఒక ఫైలులో రాయించుకోండి. ఆపాలో వద్దో తేల్చేది అదే.

చేతిలో ఉన్న జవాబును సమీకరణాల్లో పెట్టి చూస్తే ఎంత తేడా మిగిలిందో చెప్పేది రెసిడ్యువల్. జవాబులో తప్పు ఎంతో అది చెప్పదు. ఒక్కో సాఫ్ట్‌వేర్ దాన్ని ఒక్కో కొలతతో భాగించి చూపుతుంది. మొదటి ఇటరేషన్లలోని విలువతో భాగించే సాఫ్ట్‌వేర్లలోనైతే, మంచి ప్రారంభ అంచనా ఇచ్చినవారికే రెసిడ్యువల్ తక్కువ దిగినట్టు కనిపిస్తుంది. శ్రద్ధగా పనిచేసినందుకు శిక్ష! 10⁻⁶ అనేది మంచి అలవాటే కానీ ప్రకృతి నియమం కాదు.

అలాగని గ్రాఫు సమంగా కనిపించగానే ఆపేయకండి. ఆ పొరపాటు నేనే చేశాను, అదీ ఒక వాల్వు విషయంలోనే. మొదటి ఇటరేషన్లలో నష్ట గుణకం (పీడన నష్టాన్ని తెలిపే అంకె) 40 దాకా ఎగిరి పడటంతో గ్రాఫు నిలువు అక్షం 0 నుంచి 40 వరకు పరుచుకుంది. ఆ కొలతలో 1.42 దగ్గర గీత బల్లపరుపుగా ఉంది. ఒక్కో ఇటరేషన్‌కు మార్పు 0.00004 మాత్రమే. శుక్రవారం సాయంత్రం ఆపేసి రిపోర్టు ఇచ్చేశాను. వేరే పనికోసం నా సహోద్యోగి అవే ఫైళ్ల నుంచి రన్ కొనసాగిస్తే గుణకం 1.50 దగ్గర నిలిచింది.

అడుగు చిన్నదైనంత మాత్రాన గమ్యం దగ్గరపడినట్టు కాదు. ప్రతి అడుగూ ముందుదానిలో 0.9995 వంతు ఉంటే, ఇంకా నడవాల్సిన దూరం ఇప్పటి అడుగుకు దాదాపు 2000 రెట్లు. ఒక్కో ఇటరేషన్‌లో జవాబును ఎంత మార్చనివ్వాలో చెప్పే రిలాక్సేషన్ గుణకాలు బాగా తగ్గించినవారికి అడుగులు మరీ చిన్నవవుతాయి, భ్రమ మరీ పెద్దదవుతుంది. చివరి 500 ఇటరేషన్లలో అంకె ఎంత కదిలిందో, అంతకుముందు 500లో ఎంత కదిలిందో చూసి ఉంటే నేను బయటపడేవాణ్ణి. అంతకుముందు 0.0295, చివర్లో 0.023. నిష్పత్తి 0.78. ఇదే తీరున తగ్గుతూ పోతే మిగిలిన దూరం 0.023 × 0.78 ÷ 0.22, అంటే సుమారు 0.08. కాగితం మీద రెండు నిమిషాల పని. ఇలా వచ్చిన దూరం మీరు ఒప్పుకోగల తప్పుకంటే బాగా తక్కువైతే, లోపలికి వచ్చే నీరూ బయటికి పోయే నీరూ సరిపోతుంటే, రెసిడ్యువల్ 10⁻⁴ దగ్గరే ఉన్నా నిశ్చింతగా ఆపండి.

పీడన నష్టం కూడా రెసిడ్యువల్‌తో పాటే లయగా ఊగుతుంటే సంగతి వేరు. గుండ్రని స్తంభం చుట్టూ ప్రవాహాన్నే తీసుకోండి. రెనాల్డ్స్ సంఖ్య (వేగం, పరిమాణాలను ద్రవం చిక్కదనంతో పోల్చే అంకె) సుమారు 47 దాటితే వెనుక సుడులు అటొకటి ఇటొకటిగా ఊడిపడతాయి. అక్కడ నిలకడగా ఉండే స్థిర ప్రవాహమంటూ ఉండదు, స్థిర సాల్వర్ నెలల తరబడి వెతుక్కుంటూనే ఉంటుంది. మీ వాల్వు పళ్లెం వెనుకా అదే జరుగుతుండవచ్చు. అప్పుడు కాలంతో మారే సాల్వర్‌కు మారి, మొదటి భాగాన్ని వదిలేసి, మిగిలినదాని సగటు తీసుకోవాలి. ఆపే షరతు సగటులోని అనిశ్చితి మీద పెట్టాలి. పక్కపక్క క్షణాల విలువలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి వాటిని విడివిడి నమూనాలుగా లెక్కించకండి. పొడవైన ముక్కలుగా కోసి, ముక్కల సగటులు ఎంత చెదిరాయో చూడండి. ఆ అనిశ్చితి సగం కావాలంటే రన్ నాలుగు రెట్లు సాగాలి. ఎక్కడ చాలనుకోవాలో ముందే తేల్చుకోకపోతే దీనికి అంతుండదు.

ప్రశ్న: షరతు తీరగానే రన్ దానంతట అదే ఆగాలంటే ఏం చేయాలి? రెసిడ్యువల్ ఇంతకు దిగితే చాలని చెప్పే రెసిడ్యువల్‌కంట్రోల్ పెట్టినా నాది ఆగడం లేదు.
– మరో పాఠకుడు

జవాబు: ఏ సాల్వరో రాయలేదు. కాలంతో మారే ప్రవాహానికి వాడే పింపుల్‌ఫోమ్ అయితే కొన్ని వెర్షన్లలో అది ఆగదు. అక్కడ ఆ షరతు ఒక్కో కాల అంగలో జరిగే బయటి చుట్లను ముగిస్తుందే తప్ప మొత్తం రన్‌ను కాదు. సింపుల్‌ఫోమ్ అయితే వేగం భాగాలను విడివిడిగా చూడండి. తిన్నని గొట్టంలో అడ్డంగా ఉండే వేగం దాదాపు సున్నా. సున్నాకు దగ్గరగా ఉన్నదాన్ని దానితోనే భాగిస్తే రెసిడ్యువల్ పెద్దదిగానే ఉండిపోతుంది. సాల్వర్ అన్ని భాగాల్లో పెద్దదాన్నే చూస్తుంది కాబట్టి అది రన్‌ను పట్టుకు కూర్చుంటుంది. మరో మాట, జాబితాలో మీరు రాయని రాశిని అది తనిఖీ చేయదు.

మీ వెర్షన్‌లో, మీరు పెట్టిన షరతు తీరగానే రన్‌ను ఆపే రన్‌టైమ్‌కంట్రోల్ ఉంటే అదే మేలు. బలాల సగటు ఇన్ని ఇటరేషన్ల నిడివిలో ఇంతకంటే కదలకపోతే ఆపమని చెప్పవచ్చు. చేతితో ఆపాలనుకుంటే కంట్రోల్‌డిక్ట్ ఫైలులో స్టాప్‌యాట్ ఎదుట రైట్‌నౌ అని మార్చి సేవ్ చేయండి. రన్ మధ్యలో మార్పులను చదివే వీలు అదే ఫైలులో ఆన్‌లో ఉంటే, నడుస్తున్న ఇటరేషన్ ముగించి, ఫలితాలు రాసి ఆగుతుంది. ప్రాసెస్‌ను కిల్ చేయకండి. ప్రతి 5000 ఇటరేషన్లకు ఒకసారి రాయమని పెట్టుకుని 4900 దగ్గర చంపితే, చేతిలో మిగిలేది ప్రారంభ ఫోల్డరే.