రిపోర్టు ఎవరి కోసం రాస్తున్నావు?

చి. శ్రావణ్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

రేడియాలజీ ఎండీ అయిపోయి సోమాజిగూడలో డ్యూటీలో చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. స్కాన్ చదవడం మీ ప్రొఫెసర్లు నేర్పే ఉంటారు, అందులో నేను వేలు పెట్టను. చదివింది అవతలి డాక్టరుకు ఎలా చేరాలన్నది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నీ దగ్గరికొచ్చే చీటీ సంగతి. "కడుపునొప్పి, సీటీ అబ్డామెన్" అని రెండు ముక్కలుంటాయి. ఓపీలో గది నిండా పేషెంట్లున్న డాక్టరు అంతకన్నా రాయడు, విసుక్కోకు. అలాగని ఆ చీటీ పట్టుకుని మిషన్ ఎక్కించకు. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లనుంచి, జ్వరం ఉందా, ఏమైనా ఆపరేషన్ అయిందా అని అడుగు. కిడ్నీలో రాయి అనుమానమైతే కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే మందు, స్కాన్‌లో రక్తనాళాలు తేటగా కనిపించడానికి) లేని సీటీ చాలు. ఊపిరితిత్తుల రక్తనాళంలో రక్తం గడ్డ అనుమానమైతే కాంట్రాస్ట్ ఇచ్చాక స్కాన్ తీసే టైమింగే వేరు. అనుమానం ఏమిటో తెలియక తప్పు టైములో తీసిన స్కాన్‌ను తర్వాత ఎంత తిరగేసినా జవాబు దొరకదు. చీటీ చూసి అర్థం కాకపోతే ఆ డాక్టరుకే ఫోన్ చెయ్. మొదట్లో చిరాకు పడతారు, తర్వాత వాళ్లే చీటీ సరిగ్గా రాయడం మొదలుపెడతారు.

నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో తెల్లారుజామున బస్సెక్కి వచ్చినవాళ్ల చేతిలో పాత ఫిల్ముల కవరు ఉంటుంది. రిసెప్షన్‌లో "అవి అక్కర్లేదమ్మా" అనేస్తారు. నువ్వు అడిగి తెప్పించుకో. రెండేళ్ల కిందటి సీటీలోనూ ఆ మచ్చ అదే చోట అదే సైజులో ఉందంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఏ తేదీ స్కాన్‌తో పోల్చావో రిపోర్టులో పెట్టు.

ఇక రిపోర్టు. మొన్న తెలిసిన యూరాలజిస్టు ఒకటి చూపించాడు. లివర్ నుంచి ప్రోస్టేట్ దాకా పేజీన్నర వర్ణన. చివర ఇంప్రెషన్‌లో, అంటే అసలు ఏం తేలిందో చెప్పే భాగంలో, "కుడి యురెటర్‌లో స్టోన్, క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్" అని ఒకే ఒక్క ముక్క. అంటే కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టంలో రాయి ఉంది, పేషెంటు లక్షణాలతో పోల్చి చూసుకోండి అని. ఆయన ఏం చేసుకోవాలి దాన్ని? 4 మి.మీ. రాయి చాలామందికి దానంతటదే పడిపోతుంది. 11 మి.మీ. అయితే ప్రొసీజర్ గురించి ఆలోచించాలి. సైజెంత, యురెటర్‌లో పైనా కిందా, కిడ్నీ ఎంత వాచింది అన్నవి ఇంప్రెషన్ మొదటి లైన్లోనే ఉండాలి. కిడ్నీ వాచి, పేషెంటుకు జ్వరం కూడా ఉందంటే అది టైపింగ్ అయ్యేదాకా ఆగే సంగతి కాదు. చీము పట్టి ఉండొచ్చు, వెంటనే డ్రెయిన్ చేయాల్సి రావచ్చు. ఫోన్ ఎత్తు. ఎవరికి, ఎన్ని గంటలకు చెప్పావో రిపోర్టులో ఎక్కించు.

"క్లినికల్ కోరిలేషన్" అనే మాట నాకు ఒంటికి పడదు. దేనితో కోరిలేట్ చేయాలో చెబితే సరే: "లైపేజ్ చూడండి" (పాంక్రియాస్ వాపు పట్టిచ్చే రక్తపరీక్ష), "అపెండిక్స్ ఇదివరకే తీసేశారేమో కనుక్కోండి". ఊరికే అంటించావంటే తప్పించుకుంటున్నావని అర్థం. అనుమానం ఉండటం తప్పేం కాదు. ఎంత ఉందో చెప్పు, తర్వాత ఏ పరీక్ష చేస్తే తేలుతుందో చెప్పు. మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) అనుమానం ఎంతో చెప్పే బైరాడ్స్ నంబర్లు పెట్టింది ఇందుకే కదా. 3 అంటే ఆరు నెలలకు మళ్లీ చూడటం, 4 అంటే బయాప్సీ. సర్జన్‌కు వేరే వివరణ అక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మా రోజుల్లో రిపోర్టు ముందు డాక్టరు చేతికి వెళ్లేది. ఇప్పుడు వాట్సాప్‌లో పేషెంటుకే ముందు పోతుంది. "లంగ్ నాడ్యూల్" (ఊపిరితిత్తిలో చిన్న గుండ్రని మచ్చ) అన్న ఒక్క మాట చూసి ఇంటిల్లిపాదీ రాత్రంతా గూగుల్‌లో కూర్చుంటారు. 35 దాటి, క్యాన్సర్ చరిత్ర లేక, రిస్క్ తక్కువున్న మనిషికి 6 మి.మీ. లోపు ఒంటరి సాలిడ్ నాడ్యూల్ అయితే మామూలుగా మళ్లీ సీటీ అక్కర్లేదని ఛాతీ స్కాన్ల నిపుణుల ఫ్లైష్నర్ సొసైటీ 2017 గైడ్‌లైన్స్‌లోనే ఉంది. ఆ సంగతి ఒక లైన్ రాసెయ్. క్యాల్షియం పట్టిన పాత మచ్చ అయితే పాతదనే చెప్పు. మన దగ్గర టీబీ మచ్చలు లేని ఛాతీలు ఎన్నుంటాయి?

టెంప్లేట్లతో జాగ్రత్త. గాల్ బ్లాడర్ ఎప్పుడో తీసేసిన మనిషికి "గాల్ బ్లాడర్ నార్మల్" అని వచ్చిందంటే, ఆ పేజీలో మిగతాదేదీ సర్జన్ నమ్మడు. సంతకం పెట్టే ముందు కుడి ఎడమలు మళ్లీ చూసుకో. డిక్టేషన్‌లో "నో" అన్న మాట ఎగిరిపోయిందేమో కూడా చూడు.

వారానికోసారైనా సర్జన్ల గదికి వెళ్లి, నువ్వు అపెండిసైటిస్ అన్న కేసులో లోపల ఏం కనిపించిందో అడుగు. టీ తాగడానికి వచ్చావనుకుంటారు, అనుకోనీ. వచ్చే ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు పేర్లు తీసేసి నీ రిపోర్టులు కొన్ని పట్టుకురా, కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ