ఫాగింగ్ చేస్తున్నా డెంగీ తగ్గట్లేదా?
అన్నా, మీ మిర్యాలగూడ వీధిలో వారం వారం ఫాగింగ్ చేస్తున్నా డెంగీ కేసులు ఎందుకు ఆగట్లేదని అడిగారు కదా. పొగ ఎగిరే దోమనే చంపుతుంది, నీళ్లలో ఉన్న లార్వాను, అంటే దోమ పిల్ల పురుగును, ఏం చేయదు. పైగా డెంగీ దోమ ఎక్కువగా పెరిగేది మోరీలో కాదు, ఇంట్లో నిలవున్న మంచినీళ్లలో. ఫోన్ టార్చ్ వేసి గోళెం, కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే చూడండి. తలకిందులుగా వేలాడుతూ, కదిపితే మెలికలు తిరుగుతూ అడుగుకు జారే పురుగులు కనిపిస్తే అవే. మా ఇంట్లో పూలకుండీ కింద పళ్లెంలో దొరికాయి, సిగ్గేసింది! నీళ్లు పారబోస్తే సరిపోదు. అంచుకంటిన గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి, పీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు. అందుకే వారానికోసారి, శుక్రవారం డ్రై డే, అంటే నీళ్లు నిలిచేవన్నీ ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టే రోజు. జ్వరమొస్తే మొదటి 5 రోజుల్లో డెంగీని పట్టే ఎన్‌ఎస్1 రక్త పరీక్ష చేయించండి, ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర మాత్రం వేసుకోకండి.