లారీ ఆగినా నెలవాయిదా ఆగదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా అబ్బాయికి 21 ఏళ్లు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ పూర్తిచేసి ఏడాదిగా లారీల షెడ్డులో పనిచేస్తున్నాడు. కారు లైసెన్సు తీసుకుని రెండేళ్లయింది. ఇప్పుడు ఫైనాన్సులో కొత్త పది టైర్ల లారీ కొని తానే నడుపుతానంటున్నాడు. "డ్రైవరు జీతం మిగులుతుంది, రిపేరు ఖర్చు మిగులుతుంది, ఇక నష్టమెక్కడ?" అని అడుగుతున్నాడు. మొదట కట్టాల్సిన డబ్బు కోసం అరెకరం అమ్మమంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: ఇప్పట్లో ఆ అరెకరం జోలికి వెళ్లకండి. అలాగని మీ అబ్బాయి ఆలోచనను నేను కొట్టిపారేయడం లేదు. ఇంజిను విప్పి బిగించడం తెలిసిన కుర్రవాడు లారీ యజమాని కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. మీ చుట్టూ బియ్యం మిల్లులున్నాయి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, కాబట్టి సరుకుకు కొదవ లేదు. అయితే అతని లెక్కలో డ్రైవరు జీతం ఉంది, రిపేరు ఖర్చు ఉంది, లారీ ఆగిపోయే రోజులు మాత్రం లేవు.

ఉదాహరణకు 30 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుందాం. నెలవాయిదా సుమారు 65 వేలు పడుతుంది, అంటే రోజుకు 2,170 రూపాయలు. లారీ హైవే మీద ఉన్నా, మిల్లు గేటు దగ్గర నిలబడినా, పండగకు ఇంటి ముందు ఉన్నా ఆ 2,170 పడుతూనే ఉంటుంది. మొదటిసారి లారీ కొనేవారికి వడ్డీ ఇంకాస్త ఎక్కువే వేస్తారు.

ఇక ఒక ట్రిప్పు చూద్దాం. మీ ఊరి మిల్లు నుంచి బెంగళూరుకు బియ్యం లోడు, దూరం 600 కిలోమీటర్లు అనుకోండి. లీటరుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున 150 లీటర్లు కావాలి. లీటరు 96 రూపాయలైతే డీజిలుకే 14,400 అవుతుంది. ఈ లెక్క మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది. తెలియనిది దారిలో రోజులు ఎలా కరిగిపోతాయన్నది. సోమవారం ఉదయం మిల్లుకు వెళ్తే వరుసలో ముందు ఎనిమిది లారీలుంటాయి. హమాలీలు సాయంత్రానికి గానీ ఖాళీ కారు. బస్తాలు ఎక్కాక కాటా, కాగితాలు, ఆ తరువాత టార్పాలిన్ పట్టా కప్పి తాళ్లు బిగించడం. రాత్రంతా నడిపి మర్నాడు బెంగళూరు చేరితే, పగటిపూట భారీ లారీలను నగరంలోకి రానివ్వరు. రాత్రి లోపలికి వెళ్తే గోదాము తాళం వేసి ఉంటుంది. బుధవారం సరుకు దించుతారు, ఒకోసారి గురువారం. ఈలోగా ఆగిన రోజులకు హాల్టింగ్ డబ్బు అడిగితే, ఇచ్చేవారు ఇస్తారు, కొత్తవాడికి మాత్రం సాధారణంగా ఇవ్వరు.

అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. తిరుగు లోడు దొరకాలి. బ్రోకరు ఆఫీసులో చాలీచాలని కిరాయి చెబుతారు. ఒప్పుకుంటే డీజిలు ఖర్చు వస్తుంది, ఇంకేమీ మిగలదు. మంచి కిరాయి కోసం రెండు రోజులు ఆగితే 4,340 రూపాయల వాయిదా, తిండి ఖర్చు మీద పడతాయి. ఖాళీగా బయలుదేరితే మళ్లీ 150 లీటర్లు చేతి నుంచే పోతాయి. కాకపోతే కర్ణాటకలో డీజిలు మన కంటే లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ, అందుకే తిరిగి వచ్చేవారు అక్కడే ట్యాంకు నింపుకుంటారు. ఈ మూడింటిలో ఏది ఎప్పుడు ఎంచుకోవాలో చెప్పే ఐటీఐ ఎక్కడా లేదు. స్టీరింగు పట్టడం కొన్ని నెలల్లో వస్తుంది, ఈ తూకం రావడానికి ఏళ్లు పడుతుంది.

మా మేనమామ సొంత లారీ నడిపిన మనిషి. చొక్కా జేబులో చిన్న పుస్తకం పెట్టుకునేవాడు. ఒక వైపు కిరాయిలు, వెనక వైపు నుంచి ఆగిన రోజులు రాసేవాడు. నెలాఖరున మొదట చూసేది ఆ వెనక పేజీలనే. నాకు అప్పట్లో అది చాదస్తంగా కనిపించేది.

డబ్బు వచ్చే తీరు కూడా చూడండి. డీజిలుకు రొక్కం కావాలి, టోలుకు ఫాస్టాగ్‌లో ముందే డబ్బుండాలి, హమాలీకి అప్పటికప్పుడే ఇవ్వాలి. కిరాయిలో కొంత అడ్వాన్సుగా వస్తుంది, మిగిలింది సరుకు అందినట్లు సంతకం చేసిన కాగితం తిరిగి అందాకే. పెద్ద కంపెనీల లోడ్లయితే నెల, నెలన్నర ఆగాల్సి రావచ్చు. పట్టాకు చిల్లు పడి రెండు బస్తాలు తడిస్తే వాటి ధరను కిరాయిలో కోస్తారు. లెక్కలో లాభం కనిపిస్తూనే చేతిలో డీజిలుకు డబ్బుండదు. సొంత లారీలు వాయిదాలు తప్పి ఫైనాన్సువారి యార్డుకు చేరేది ఎక్కువగా ఇలాగే.

చేతిలో డబ్బాడనప్పుడే "రెండు టన్నులు ఎక్కువ వేసుకో" అనే మాట తియ్యగా వినిపిస్తుంది. 2018లో పెంచిన పరిమితి ప్రకారం పది టైర్ల లారీ బండి బరువుతో కలిపి 28.5 టన్నులు దాటకూడదు. దాటితే 2019 చట్ట సవరణ ప్రకారం 20 వేల జరిమానా, అదనపు టన్నుకు మరో 2 వేలు, పైగా ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలదు. టైర్లూ కమాను పట్టీలూ విధించే జరిమానా దీనికి అదనం. ఒక్కో టైరు ఇరవై వేల పైమాటే, అలాంటివి పది.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. 20 నుంచి 40 టన్నుల తరగతికి 2022లో ఖరారు చేసిన ధరల్లో థర్డ్ పార్టీ బీమా ఒక్కదానికే ఏడాదికి 43,950 రూపాయలు. నేషనల్ పర్మిట్ ఫీజు ఏటా 16,500. మూడు నెలలకోసారి పన్ను ఉంటుంది. సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్కిస్తారు. దారిలో బండి చెడిపోతే గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, తీరిన ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవాలి. బీమా తీసుకునేటప్పుడు స్వయంగా బండి నడిపే యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఉందో లేదో, క్లీనరుకు విడిగా ప్రీమియం కట్టారో లేదో మీరే చదివి చూడండి. ఆదాయపు పన్ను రిటర్ను మొదటి ఏడాది నుంచే వేయించండి. పది లారీల వరకు ఉన్నవారు భారీ వాహనానికి టన్నుకు నెలకు వెయ్యి రూపాయల ఆదాయం చూపి, పద్దు పుస్తకాల బెడద లేకుండా బయటపడవచ్చు. రేపు రెండో లారీకి అప్పు అడిగినప్పుడు ఆ రిటర్నులే మాట్లాడతాయి.

"రిపేరు ఖర్చు మిగులుతుంది" అన్న మాటలో సగమే నిజం. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో సెన్సర్లు, కంప్యూటరు, డ్రైవర్లు యూరియా అని పిలిచే ద్రవం ట్యాంకు ఉంటాయి. వాటిలో తేడా వస్తే ఇంజిను బలం తగ్గిపోతుంది, పాన పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. గ్యారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీసుకే వెళ్లాలి. మీ అబ్బాయి చేతి పని నిజంగా డబ్బుగా మారేది పాత లారీ మీద. దానికీ ఒక మెలిక ఉంది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి, పాత బండి అప్పుకు వడ్డీ ఎక్కువ. అయినా మీ అబ్బాయి వంటి మెకానిక్‌కు మొదటి బండిగా పాతదే నయమని నా అభిప్రాయం, ఎందుకంటే అప్పు మొత్తం చిన్నదవుతుంది, రోజుకు పడే వాయిదా తగ్గుతుంది.

నిద్ర గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. జీతానికి నడిపే డ్రైవరుకు చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అని గీత గీసింది. ఆచరణలో అది ఎంతన్నది వేరే మాట, కనీసం యజమానితో వాదించడానికి ఒక ఆధారం. తనే యజమాని, తనే డ్రైవరు అయినవాడు ఎవరితో వాదిస్తాడు? వాయిదా తేదీ ముందు మూడు రాత్రులు వరుసగా కళ్లు మూయనివ్వనిది ఎక్కువగా తన ఆత్రమే.

కాబట్టి వరుస ఇలా మార్చండి. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు 20 ఏళ్లు నిండాలి, తేలిక వాహనం లైసెన్సు ఏడాది పాటు ఉండాలి. రెండూ అతనికి ఉన్నాయి, గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూలులో శిక్షణ తీసుకుని హెవీకి దరఖాస్తు చేయమనండి. ఆ తరువాత రెండేళ్లు ఇతరుల లారీ మీద, తాను రేపు నడపాలనుకుంటున్న దారిలోనే జీతానికి వెళ్లనివ్వండి. ఏ మిల్లు డబ్బు త్వరగా ఇస్తుందో, ఏ బ్రోకరు మాట నిలబెట్టుకుంటాడో జీతం తీసుకుంటూ నేర్చుకుంటాడు. ఆ రెండేళ్లలో మూడు నెలల వాయిదా, ఒక జత టైర్ల డబ్బు సొంతంగా దాచగలిగితే అప్పుడు అరెకరం విషయం మళ్లీ మాట్లాడుకుందాం. అమ్మడమా, తాకట్టుతో సరిపోతుందా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

ఈలోగా, వచ్చే ఆదివారం అతన్ని మిల్లు గేటు దగ్గర టీ కొట్టుకు పంపండి. అక్కడ సొంత లారీ నడిపేవారు ముగ్గురైనా దొరుకుతారు. ఎంత మిగులుతోందని అడగవద్దనండి, ఎవరూ నిజం చెప్పరు. పోయిన నెలలో బండి ఎన్ని రోజులు ఆగిందో అడిగి, ఆ అంకెను 2,170తో హెచ్చించి మీకు చూపించమనండి.