వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను సైజు వారీగా విడదీసి, కావలసినదాన్ని యాంటీబాడీతో వెతికే పరీక్షలో) ఒక రిసెప్టర్‌కి సరైన సైజు దగ్గర బ్యాండ్ (గీత) వస్తే, మెదడులో ఆ రిసెప్టర్ (కణం సంకేతాలు అందుకునే ప్రోటీన్) ఉన్నట్టేనా?

కాదు, ఆ జన్యువు తీసేసిన నాకౌట్ ఎలుక మెదడులో అదే బ్యాండ్ మాయమైతేనే యాంటీబాడీ మాట నమ్మాలి.

యాంటీబాడీ ప్రోటీన్ మొత్తాన్ని గుర్తుపట్టదు. కొద్దిపాటి అమైనో ఆమ్లాలున్న చిన్న భాగాన్నే పట్టుకుంటుంది, అలాంటి భాగం వేరే ప్రోటీన్లలోనూ ఉండొచ్చు. పైగా మెదడులో చాలా రిసెప్టర్లు బాగా తక్కువ మోతాదులో ఉంటాయి. అందుకే, దండిగా ఉన్న మరో ప్రోటీన్‌కి యాంటీబాడీ కాస్త అతుక్కున్నా అదే ముదురుగా కనిపిస్తుంది.

ఆల్ఫా-7 నికోటినిక్ రిసెప్టర్ సంగతే చూడండి. ఎన్నో ల్యాబులు వాడిన యాంటీబాడీలు కొన్ని, ఆ జన్యువే లేని ఎలుకల మెదడులోనూ మామూలు ఎలుకల్లో లాగే రంగు (యాంటీబాడీ అతుక్కున్న చోట కనిపించే గుర్తు) చూపించాయి. ఇది చిన్న విషయం కాదు, రిసెప్టర్ ఎక్కడుందో చెప్పే పటాలే తప్పుతాయి.

యాంటీబాడీ తయారీకి వాడిన పెప్టైడ్‌ని (చిన్న ప్రోటీన్ ముక్కని) ముందే ఆ యాంటీబాడీతో కలిపితే బ్యాండ్ పోయింది కాబట్టి అది అసలైనదేనని చాలామంది అనుకుంటారు. ఆ పరీక్ష సరిపోదు. పెప్టైడ్ వచ్చి యాంటీబాడీ పట్టు చోటునే మూసేస్తుంది. దాంతో అది సరైన ప్రోటీన్‌నీ వదిలేస్తుంది, అదే చోటుతో పట్టుకున్న తప్పు ప్రోటీన్‌నీ వదిలేస్తుంది.